ఎడమ చక్రాల దారి అని రాశాను

ఉద్యోగమంతా నేను చేసిన పని ఏమిటంటే, రోడ్డుమీద నీళ్ళు పోసి అది ఎంత జారుతుందో చూడటం. ఈ మాట ఎప్పుడు చెప్పినా ఇంట్లో నవ్వేవాళ్ళు. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి విశాఖపట్నంలోనే స్థిరపడ్డారు. కొలిమి వేడిలో ఒళ్ళు కాల్చుకున్న మనిషి. "నీళ్ళు పోయడానిక్కూడా ఇంజనీరు కావాలట్రా" అని చివరిదాకా ఆశ్చర్యపోతూనే ఉన్నారు.

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన కొందరు మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి అన్నారు. వంతెనల గురించీ, తుఫాను వచ్చినప్పుడు కొట్టుకుపోయిన రోడ్లను నిలబెట్టిన రోజుల గురించీ రాస్తానని వాళ్ళు అనుకుని ఉంటారు. అవి రాయడానికి నాకన్నా అర్హులున్నారు. నాకొక్కడికే తెలిసినది ఒకటుంది. ఒక కాగితంమీద, ఒక గడిలో, నేను రాసిన మూడు మాటల సంగతి. అది రాస్తాను. పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

ముందు ఆ పరికరం గురించి కొంచెం చెప్పాలి. మేం దాన్ని పెండ్యులం అనేవాళ్ళం. మూడు కాళ్ళ స్టాండు, దానికి ఊగే చెయ్యి, చేతి చివర చిన్న రబ్బరు ముక్క. రోడ్డును బాగా తడిపి, చేతిని పైకెత్తి వదిలితే రబ్బరు రోడ్డును రాసుకుంటూ అవతలికి పోతుంది. రోడ్డు గరుకుగా ఉంటే రబ్బరును పట్టుకుంటుంది, చెయ్యి ఎక్కువ దూరం లేవదు, ముల్లు పెద్ద అంకె దగ్గర ఆగుతుంది. నున్నగా ఉంటే చెయ్యి జర్రున లేచిపోతుంది, ముల్లు చిన్న అంకె చూపిస్తుంది. వానలో బ్రేకు వేస్తే బండి ఆగుతుందా, జారుతుందా అన్నది ఆ అంకె చెబుతుంది.

దాన్ని ఎక్కడ పెట్టి కొలవాలన్నది ఇంకా ముఖ్యం. రోడ్డు అంతా ఒకేలా అరగదు. టైర్లు రోజూ నడిచే రెండు పట్టీలుంటాయి. వాటిని చక్రాల దారి అంటాం. రాయి నున్నబడేది అక్కడే. అంచున, తెల్లగీత పక్కన, వేసిననాటి గరుకు ఏళ్ళతరబడి అలాగే ఉంటుంది. అందుకని పరీక్ష చక్రాల దారిలోనే చెయ్యాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఇది నేర్పుతారు. నాకూ నేర్పారు. ఆ తర్వాత నేను ఎంతోమందికి నేర్పాను.

పోర్టు నుంచి ఉక్కు కర్మాగారం వైపు వెళ్ళే దారుల్లో ఒక మలుపుంది. ఏదో చెప్పను. కొండను తొలిచి వేసిన మలుపు. బొగ్గు లారీలు, ఇనుప ఖనిజం లారీలు, ట్రైలర్లు, షిఫ్టు బస్సులు, వాటి సందుల్లోంచి దూరిపోయే స్కూటర్లు. అప్పటికి అక్కడ రోడ్డు కొత్తగా వేసి రెండేళ్ళయింది. అద్దంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. అద్దంమీద బండి ఎలా ఆగుతుందని ఎవరూ అడగలేదు. అక్కడ వాడిన రాయి బరువు బళ్ళ కింద తొందరగా నున్నబడే రకమని తర్వాత తేలింది. ఆ రాయిని ఎంచుకున్న తప్పు ఇంకొకరిది. దాని వెనక దాక్కోవాలని నాకు చాలాసార్లు అనిపించింది గనక ముందే చెబుతున్నాను.

నా రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్ళుంది. వేసవి చివర, వానలు పడకముందు, ప్రమాదాలు జరిగే అవకాశమున్న మలుపులన్నీ పరీక్షించి రిపోర్టు ఇవ్వడం మా ఆనవాయితీ. నాతో ఫీల్డు అసిస్టెంటు ఒకతను వచ్చేవాడు. ఎలమంచిలి మనిషి, రోజూ రైల్లో వచ్చి వెళ్ళేవాడు, వయసులో నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఇరవై ఏళ్ళు ఇద్దరం ఒకే జీపులో తిరిగాం. పైవాళ్ళుంటే సారూ అనేవాడు. ఎవరూ లేనప్పుడు బావా అనేవాడు.

ఆ రోజు పదిన్నరకు మలుపు దగ్గరికి చేరాం. చక్రాల దారిలో స్టాండు పెట్టాలంటే ఒక వైపు బళ్ళను ఆపాలి. ఆపాల్సిన కానిస్టేబులు ఫోను చేసి, ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు, బందోబస్తులో ఉన్నాను, గంటలో వస్తానన్నాడు. సరిగ్గా అదే రోజు మధురవాడలో మా ఆవిడ అక్కగారి అమ్మాయికి నిశ్చితార్థం. ఊరికి ఆ చివర. పన్నెండున్నరకల్లా భోజనాలకు రావాలని అప్పటికే రెండుసార్లు ఫోను వచ్చింది.

"గంటే గదా బావా, ఆగుదాం" అన్నాడతను. "టీ తాగేసరికి వచ్చేత్తాడు."

"అక్కర్లేదు, ఇక్కడ పెట్టెయ్" అని తెల్లగీత పక్కన చూపించాను.

అతను పరికరం పెట్టె కిందికి దించలేదు. చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

"ఇక్కడేటి పెడతాం బావా? ఇక్కడ టైరు నడవదు గదా?"

"పెట్టవయ్యా బాబూ. ఒకటే రోడ్డు, ఒకేసారి వేసింది. తేడా ఏముంటుంది?"

తేడా ఏముంటుందో ఇద్దరికీ తెలుసు. అతను నా మొహం ఒకసారి చూసి, వంగి స్టాండు బిగించాడు. నీళ్ళు పోశాడు. ఐదుసార్లు ఊపాం, మూడు చోట్ల. అన్నీ మంచి అంకెలే. యాభై దాటి, దర్జాగా ఉన్నాయి. ఫారంలో "పరీక్షించిన చోటు" అని ఒక గడి ఉంటుంది. జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని ఆ గడిలో "ఎడమ చక్రాల దారి" అని రాశాను. కనీసం ఖాళీగా వదిలేసినా సరిపోయేది, ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. సంతకం చేసి, మధురవాడకు సరిగ్గా వేళకు చేరుకున్నాను.

ఇక్కడ ఒక పైఅధికారిని తీసుకొచ్చి, ఆయన ఒత్తిడి చేశాడని రాయగలిగితే బాగుండును. కాంట్రాక్టరు కన్నెర్ర చేశాడని రాసినా కొంత గౌరవంగా ఉండేది. అలాంటిదేమీ జరగలేదు. మా పైఅధికారి నిక్కచ్చి మనిషి. అంకె తక్కువొచ్చిందని చెప్పి ఉంటే ఆ వారంలోనే మలుపుకు మరమ్మతు మొదలయ్యేది.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. ఒకరోజు జీపు ఆ మలుపు దాటుతుంటే ఒకావిడ చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. మలుపు దగ్గర బండిమీద ఇడ్లీలు అమ్ముకునే మనిషి. యాభై ఏళ్ళుంటాయి.

"నువ్వే గదా బావూ, ఆ ఊగే మిషను ఎట్టి రోడ్డుకి నీళ్ళోసినావు?"

అవునన్నాను.

"ఆ మిషనులో ఏటి కనపడింది నీకు? సినుకు పడితే సాలు, బళ్ళు జారిపోతన్నాయి. మొన్న ఇద్దరు, నిన్న ఒకాయన. నానే లేపి కూకోబెట్టి నీళ్ళిత్తన్నాను."

"స్పీడుగా వస్తే జారవా అమ్మా? నెమ్మదిగా వెళ్ళమని చెప్పు" అన్నాను.

"నెమ్మదిగా ఎల్లినోళ్ళే పడతన్నారు బావూ. స్పీడుగా ఎల్లినోళ్ళు ఆ మూలకెల్లి పడతన్నారు."

మలుపులో అక్కడక్కడా రాతిపొడి కనిపించింది. ఎక్కడిదని అడిగితే, పక్కన ఇల్లు కడుతున్నచోట బతిమాలి తట్టెడు తెచ్చి తానే చల్లానంది. జనం పడకుండా ఆవిడ తనకు తోచింది చేసింది. నేనేం చేశానంటే, రోడ్డుమీద అలా పొడులు చల్లకూడదని, స్కూటర్లు ఇంకా జారతాయని, కేసు అవుతుందని ఆవిణ్ణి మందలించాను. నా పక్కన కూర్చున్న అసిస్టెంటు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఆ రోజైనా వెనక్కి వెళ్ళి మళ్ళీ పరీక్ష చెయ్యొచ్చు. కొత్త రిపోర్టు ఇవ్వొచ్చు. వెళ్దామనే అనుకున్నాను. కానీ కొత్త అంకె సగానికి పడిపోతే, నెల కిందటి అంకె ఎలా వచ్చిందని అడుగుతారు. వానలు తగ్గాక చూద్దాంలే అనుకున్నాను.

ఆగస్టులో ఒక ఆదివారం ఉదయం, సన్నటి జల్లు పడుతుండగా, ఆ మలుపులో ప్రమాదం జరిగింది. పోర్టులో గుమస్తాగా చేసే ఒకాయన, భార్యను స్కూటర్ మీద ఎక్కించుకుని చర్చికి వెళ్తున్నాడు. ముందున్న ట్రైలరు నెమ్మదించడంతో ఆయనా నెమ్మదించాడు. వెనక షిఫ్టు మనుషుల్ని తీసుకెళ్తున్న బస్సు. డ్రైవరు బ్రేకు వేశాడు. చక్రాలు ఆగాయి గానీ బస్సు ఆగలేదు. జారుకుంటూ వెళ్ళి స్కూటరును కొట్టింది. ఆయన కాలు విరిగింది. ఆవిడ అక్కడికక్కడే పోయింది. ఒక స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదట.

డ్రైవరును అరెస్టు చేశారు. అజాగ్రత్తగా, అతివేగంగా నడిపాడని కేసు. రోడ్డు స్థితిగతులు తెలపమని పోలీసుల నుంచి మా ఆఫీసుకు కాగితం వచ్చింది. మా పైఅధికారి నన్ను పిలిచాడు.

"ఆ మలుపు మొన్న వేసవిలో చేశావు కదా. రిపోర్టు క్లియర్‌గానే ఉందా?"

"ఉంది సార్."

"ఏమీ డౌటు లేదుగా? ఒక ప్రాణం పోయింది."

"లేదు సార్."

ఆయన పోలీసులకు జవాబు రాసి, నా రిపోర్టు నకలు జతచేసి పంపించాడు.

వాహనాలు తనిఖీ చేసే అధికారి ఆ రిపోర్టు తీసుకుని లెక్క కట్టాడు. బస్సు ఆగేదాకా రోడ్డుమీద జారిన గీత పద్దెనిమిది మీటర్లుందని పోలీసులు కొలిచి రాశారు. రోడ్డు పట్టు ఎంతో తెలిస్తే, ఎంత దూరం జారిందన్నదాన్నిబట్టి బండి ఎంత వేగంతో ఉందో చెప్పొచ్చు. రోడ్డు గట్టిగా పట్టుకునేదైతే, అంతదూరం జారిందంటే బండి చాలా వేగంగా ఉన్నట్టు. రోడ్డు నున్ననిదైతే నెమ్మదిగా వెళ్ళే బండీ అంతే దూరం జారుతుంది. ఆయన నా అంకె పెట్టి లెక్కగట్టాడు. గంటకు యాభై అని తేలింది. అక్కడి బోర్డుమీద నలభై అని ఉంది. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. నేనిచ్చిన అంకెలో ఉంది.

బెయిలు మీద బయటికొచ్చాక ఆ డ్రైవరు మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. ఆఫీసులో ఎవరూ చెప్పులు విడవరు.

"పద్దెనిమిదేళ్ళు బండి తోలినాను సారూ. ఒక్క కేసు నేదు. ఆ రోజు బ్రేకు మీద నిలబడిపోనాను. బండి నా మాట ఇన్లేదు. రోడ్డు జారతాదని ఒక కాయితం ఇప్పించండి సారూ."

"రిపోర్టులో రోడ్డు బాగానే ఉందని ఉంది" అన్నాను.

"అది ఎవులు సూసినారు సారూ?"

"నేనే చూశాను."

నా మాట కాదనడానికి అతనికి ఏ ఆధారమూ లేదు. "మీరే సూసినారా... అయితే మరి నాను స్పీడుగానే ఎల్లుంటానేటో" అని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మా అసిస్టెంటు పక్క గదిలో పెట్టెలు సర్దుతున్నాడు. అంతా విన్నాడు. ఆ రోజు నుంచి ఎవరూ లేనప్పుడు కూడా నన్ను సారూ అనే పిలవడం మొదలుపెట్టాడు.

ఏడాదిపైన గడిచింది. ఆ ఏడాది నా మనసు నా తరఫున వకీలులా ఎన్ని వాదనలు చేసిందో చెబితే మీరు నవ్వుతారు. బస్సు వేగంగానే ఉండి ఉండొచ్చు. టైర్లు అరిగి ఉండొచ్చు. నేను చక్రాల దారిలో కొలిచినా అంకె బాగానే వచ్చి ఉండేదేమో. ఈ చివరి వాదన నాకు బాగా నచ్చింది. ఎందుకంటే దాన్ని తేల్చడానికి ఒక గంట చాలు, ఆ గంట నేను పెట్టదలచుకోలేదు.

చివరికి రిపోర్టు ఇచ్చిన అధికారిగా సాక్ష్యం చెప్పమని కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. వెళ్ళి, సంతకం నాదేనని, రోడ్డు బాగుందని చెప్పి రావడమే. పది నిమిషాల పని. సమన్లు మడిచి జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. మూడోరోజు పొద్దున్నే అసిస్టెంటు స్టేషన్ నుంచి వస్తుంటే ఎదురెళ్ళాను.

"పెండ్యులం తీసుకుని ఒకచోటికి వెళ్దాం" అన్నాను.

ఎక్కడికని అడగలేదు. "కానిస్టేబుల్తో నాను మాటాడతాను సారూ, మీరు జీపు ఎక్కండి" అన్నాడు.

దారిలో నేనే అన్నాను. "కోర్టులో నిజం చెబుదామనుకుంటున్నాను. నీ పేరు రాకుండా చూస్తాను."

"నా పేరు వత్తే ఏటవుద్ది?" అన్నాడు. "ఇన్నాళ్ళూ నాను సెప్పీత్తానని బయపడినారా సారూ? నానెందుకు సెప్తాను. రాసింది మీరు. సెప్పాల్సింది మీరే గదా" అన్నాడు. కోపంగా అనలేదు.

మలుపులో కానిస్టేబులు బళ్ళు ఆపాడు. అసిస్టెంటు నన్ను అడక్కుండానే చక్రాల దారి మధ్యలో స్టాండు దించాడు. ఇడ్లీల ఆవిడ చూసి, బిందెతో నీళ్ళు తెచ్చి తానే పోసింది. చేతిని ఎత్తి వదిలాను. రబ్బరు రోడ్డుమీద గీరుకున్న చప్పుడు కూడా సరిగ్గా రాలేదు. చెయ్యి జర్రున అవతలికి లేచిపోయింది. ముల్లు ముప్పైకి కిందనే ఆగింది. ఐదుసార్లు. ఇంకోచోట ఐదుసార్లు. మూడోచోట ఊపక్కర్లేదనిపించింది, అయినా ఊపాను. వంగి వేలితో తడిమితే రాళ్ళు చింతపిక్కల్లా నున్నగా తగిలాయి.

"ఇప్పుడు కనపడిందా బావూ?" అంది ఆవిడ. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

కోర్టులో ప్రాసిక్యూటరు నన్ను మామూలు ప్రశ్నలే అడిగాడు. ఈ రిపోర్టు మీరిచ్చిందేనా? నేనిచ్చిందేనండి. సంతకం మీదేనా? నాదేనండి. దీని ప్రకారం రోడ్డు సురక్షితంగా ఉన్నట్టే కదా?

"దాని ప్రకారం ఉన్నట్టేనండి. కానీ అందులో పరీక్షించిన చోటు అని ఒక గడి ఉంది. ఆ గడిలో నేను రాసింది అబద్ధమండి."

ప్రాసిక్యూటరు కాగితంలోకి చూసి, నా వంక చూసి, మళ్ళీ కాగితంలోకి చూశాడు. మేజిస్ట్రేటు నాకన్నా చిన్నావిడ. రాస్తున్న కలం కింద పెట్టింది.

"అబద్ధమని తెలిసే రాశారా?"

"తెలిసే రాశానండి. అంచున కొలిచి, చక్రాల దారిలో కొలిచినట్టు రాశాను. నాలుగు రోజుల కిందట సరైనచోట కొలిచానండి. అంకె సగమే వచ్చింది."

"అలా రాయమని మీకు ఎవరైనా చెప్పారా?"

"లేదండి."

"మరి ఎందుకు రాశారు?"

దీనికి ఒక జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ట్రాఫిక్ ఆపడానికి కానిస్టేబులు లేడని చెప్పాను.

"వస్తానన్నాడా, రానన్నాడా?"

"గంటలో వస్తానన్నాడండి."

"గంట ఎందుకు ఆగలేదు?"

ఇక చెప్పక తప్పలేదు. "ఆ రోజు మధురవాడలో మా బంధువులింట్లో నిశ్చితార్థం అండి. భోజనాలకు ఆలస్యమవుతుందని."

వెనక వరసలో ఎవరో నవ్వారు. తమాషాగా ఏదో అన్నాననుకున్నారేమో. మేజిస్ట్రేటు నవ్వలేదు. నేను చెప్పినదాన్ని చెప్పినట్టే రాయించింది. నా వాక్యం ఆవిడ నోట విడివిడిగా, ఒక్కొక్క మాటగా వినిపించింది. నా ఉద్యోగంలో నేను ఎన్నో రిపోర్టులు రాశాను. అంత సరైన రిపోర్టు మాత్రం అదొక్కటే.

బోనులో డ్రైవరు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. నేను చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాను. చేతికర్ర ఊతంతో ఒకాయన నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు. ఎవరో చెప్పక్కర్లేకపోయింది. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

"మీరు వేళకు వెళ్ళగలిగారా అండీ?" అని అడిగాడు.

"ఎక్కడికండీ?"

"ఆ భోజనానికి."

"వెళ్ళానండి."

ఆయన తల ఊపాడు. "ఏం వడ్డించారండీ?"

ఆయన మొహంలో వెటకారం లేదు. నాకు అన్నీ గుర్తున్నాయి. పులిహోర, బూరెలు, గుత్తివంకాయ, పనసపొట్టు కూర. ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన కాసేపు నిజంగానే జవాబు కోసం ఆగి, కర్ర తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆఫీసులో పెద్ద భూకంపమేమీ రాలేదు. పైఅధికారి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోరోజు పిలిచి, "నేను అడిగాను. డౌటు లేదుగా అని అడిగాను" అని మాత్రం అన్నాడు. మెమో వచ్చింది, విచారణ జరిగింది, మందలింపుతో ముగిసింది. నాలాంటివాళ్ళను కాపాడటంలో మన ఫైళ్ళకు ఉన్న ఓపిక రోడ్లను కాపాడటంలో ఉంటే బాగుండును. తర్వాతి వానలకు ముందే ఆ మలుపులో పై పొర గీకి, గట్టి రాయితో మళ్ళీ వేశారు. ఈసారి అది అద్దంలా లేదు. స్కూటరు మీద వెళ్తే గరగరమంటుంది. జనం బాగాలేదని ఫిర్యాదు చేశారు. ఇడ్లీల ఆవిడ మాత్రం, "ఇప్పుడెవులూ పడతం నేదు బావూ. పడినోళ్ళని సూడ్డానికి ఆగేవోళ్ళు నేరు గదా, బేరం తగ్గింది" అంది నవ్వుతూ.

రిటైరైన రోజు శాలువా కప్పి, మచ్చలేని సర్వీసు అన్నారు. వక్తలకు అలవాటైన మాట. అప్పటికి రెండేళ్ళ కిందటే రిటైరైన మా అసిస్టెంటు వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. నేను లేచి, మచ్చ ఉందని చెప్పాలి. ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాను. ఒకసారి కోర్టులో నిజం చెప్పినంత మాత్రాన మనిషి మారిపోతాడని మీరు అనుకోకూడదని ఇది కూడా రాస్తున్నాను.

డ్రైవరు మీద కేసు కొట్టేశారని తెలుసు. అతన్ని చూడటానికి మాత్రం కాళ్ళు రాలేదు. రిటైరైన మరుసటేడు, ఆటోనగర్‌లో బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తున్నాడని విని, వెతుక్కుంటూ వెళ్ళాను. షెడ్డు వెనకే రెండు గదుల్లో కాపురం. మధ్యాహ్నం అన్నం తిని అరుగుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. అలా లేవడం నాకు చెంపదెబ్బలా తగిలింది.

తప్పు చేశానని, క్షమించమని అడగడానికి వచ్చానని చెప్పాను.

"కోర్టులో సెప్పినారు గదా సారూ. అంతమందిలో" అన్నాడు.

"మళ్ళీ బండి ఎక్కలేదా?"

"నేదు సారూ. నైసెన్సు తిరిగి ఇచ్చీసినారు. ఎక్కబుద్ధి అవ్వలేదు. కోర్టోళ్ళు అనుమానం మీద వదిలేసినారు. తప్పు నేదని ఎవులూ సెప్పనేదు. మీరు కోర్టుకొచ్చేసరికే నాను స్పీడుగానే ఎల్లానని నాకే నమ్మకం వచ్చీసింది సారూ. అంత సదువుకున్నోళ్ళు లెక్క కట్టి సెప్తే మరి, నాదే తప్పు అయ్యుంటాది గదా అనుకున్నాను. ఆయమ్మని నానే సంపేసినాననీసి... ఏడాది పైన అలగే పడుకున్నాను, అలగే లేసినాను. ఇప్పుడు మీరు కాదన్నా గానీ, అది ఎల్తం నేదు."

నేను రాసిన మూడు మాటలు అతని ఉద్యోగం మీద పడ్డాయని తెలుసు. అతను తన కాలిని, తన కళ్ళను, తన పద్దెనిమిదేళ్ళ అనుభవాన్ని నమ్మడం మానేశాడని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఒకటి అడుగుతాను సారూ" అన్నాడు. "మీకు లెక్క తెలుసు గదా. ఆ రోజు నానెంతలో ఎల్తన్నానో సెప్పగలరా? తక్కువ సెప్పొద్దు. ఉన్నది సెప్పండి."

జేబులోంచి కాగితం తీశాను. జారిన దూరం నాకు కంఠతా వచ్చు. చక్రాల దారిలో కొలిచిన అంకె పెట్టి కట్టాను. తర్వాత ఇంకోసారి కట్టాను, ప్రమాదం నాటికి రోడ్డు కొంచెం నయంగా ఉండి ఉండొచ్చని అతనికి వ్యతిరేకంగా ఆలోచించి. మొదటిది ముప్పైనాలుగు. రెండోది ముప్పైఏడు. రెండుసార్లూ సరిచూసుకున్నాను. ఇది ఖచ్చితమైన లెక్క కాదని, కానీ నలభై దాటే వీలు కనపడటం లేదని చెప్పాను.

అతను కాగితం తీసుకోలేదు. లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ రోడ్డు సూసిన సారు. ఇను" అన్నాడు ఆవిడతో. "సదవండి సారూ."

చదివాను.

"ఇంకోపాలి సదవండి."

మళ్ళీ చదివాను. అతను అరుగుమీద కూర్చుండిపోయి రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, నేల చూస్తూ, ముప్పైనాలుగు, ముప్పైఏడు అని తనలో తాను అనుకున్నాడు. ఆవిడ చెయ్యి చాపి నా చేతిలోంచి కాగితం తీసుకుంది. చదవడం వచ్చో రాదో తెలియదు. కింద నా సంతకం లేదని చూసి, "సంతకం ఎట్టండి" అంది. పెట్టి ఇచ్చాను.

కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆ ఇళ్ళల్లో గుమ్మంలోకి వచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా పంపరు. లోపల స్టవ్ వెలిగిన చప్పుడు వినపడుతుందేమోనని కొంతసేపు కూర్చున్నాను. వినపడలేదు. అది ఆవిడ న్యాయం. నేను లేచి, చెప్పులు వేసుకుని వచ్చేశాను.